పచ్‌మఢీ కొండల్లో మా పిన్ని క్యాంపు

పచ్‌మఢీ అని సెర్చ్ కొడితే ముందు జలపాతాలొస్తాయి. తర్వాత ధూప్‌గఢ్ సూర్యాస్తమయం, ఆ తర్వాత పాండవ గుహలు. విశాఖ వాళ్లకి అరకు ఎలాగో, భోపాల్, నాగ్‌పూర్ వాళ్లకి పచ్‌మఢీ అలాగ. రెండ్రోజులు సెలవు దొరికితే చాలు, బండి తీసేస్తారు. అయితే మెడలో స్కార్ఫ్ కట్టుకుని పిల్లల్ని వరసలో నిలబెట్టే టీచర్ ఎవరైనా మీకు తెలిస్తే, వాళ్లని అడిగి చూడండి. జలపాతాల మాట తర్వాత, ముందు ‘నేషనల్ ట్రైనింగ్ సెంటర్’ గురించి చెబుతారు. భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ లీడర్లకు 1956 నుంచీ శిక్షణ ఇస్తున్న చోటు అది.

పోయిన దసరా సెలవుల్లో నేను అక్కడికి వెళ్లింది మా పిన్నికి తోడుగా. ఆవిడ గుంటూరు జిల్లాలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్. అదే స్కూల్లో ఆడపిల్లల గైడ్ కంపెనీకి కెప్టెన్ కూడా. కంపెనీ అంటే వ్యాపారం కాదండోయ్! స్కౌట్లలో ‘ట్రూప్’ అనేదాన్ని గైడ్స్‌లో ‘కంపెనీ’ అంటారు. అందులో ఆరు నుంచి ఎనిమిది మంది ఒక జట్టు, దాని పేరు ప్యాట్రోల్. మగపిల్లల ప్యాట్రోళ్లకి జంతువులు, పక్షుల పేర్లు పెడితే, ఆడపిల్లలవాటికి పువ్వుల పేర్లు పెడతారు. పిన్ని కంపెనీలో మల్లె, మందారం, చామంతి... మూడు ప్యాట్రోళ్లు, మొత్తం ఇరవై నలుగురు.

రైల్లో చదివిన రిపోర్టు

విజయవాడలో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బల్లార్షా దాటాక పిన్ని సంచిలోంచి ఓ రూళ్ల పుస్తకం తీసింది. కంపెనీ వార్షిక నివేదికట. ఏడాదిలో ఏం చేశాం, వచ్చే ఏడాది ఏం చేయాలి... అంతా అందులో రాసి ఉంది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. సరే కదా అని చదవడం మొదలెట్టా.

కొత్తగా చేరినవాళ్లకి ‘ప్రవేశ్’ పూర్తి. అయిదుగురికి తృతీయ సోపాన్. వేసవిలో బస్టాండ్ దగ్గర ఇరవై రోజులు చలివేంద్రం. నవంబర్ 7న జెండా దినోత్సవం. స్కూలు గోడ వెంబడి వేప మొక్కలు నాటితే సగం బతికాయి, మిగతా సగం మేకల పాలు. మేకల సంగతి కూడా రిపోర్టులో రాసింది మా పిన్ని!

మధ్యలో ఒకే ఒక్క లైను: ‘ఆగస్టులో ఒక ప్రథమ చికిత్స.’

“ఇదేంటి పిన్నీ?” అన్నా.

“అదా... ఆరో తరగతి పిల్లని పొలం గట్టు మీద పాము కరిచిందిరా. మందారం ప్యాట్రోల్ పిల్లలు అక్కడే ఉన్నారు” అంది. చుట్టూ చేరిన పెద్దవాళ్లు ఒకరు తాడు బిగించి కట్టమన్నారట, ఇంకొకరు బ్లేడుతో కోయమన్నారట. పిల్లలు రెండూ చేయనివ్వలేదు. కాలు కదలకుండా చెక్కతో ఆనించి కట్టారు. రెండు కర్రలకి దుప్పటి చుట్టి, స్ట్రెచర్‌లా చేసి ఆటో దాకా మోశారు. అక్కడి నుంచి ఆసుపత్రికి. పిల్ల బతికింది. మందు పని చేసింది డాక్టర్ చేతిలోనే. కానీ ఆ మందు దాకా పిల్లని తిన్నగా చేర్చింది మాత్రం పద్నాలుగేళ్ల అమ్మాయిలు.

“మరి అది ఒక్క లైనేనా?”

“ఫారంలో అంతే చోటుంది” అంది నవ్వుతూ.

మెట్టు మీద మెట్టు

ఈ సోపానాల గోల తెలియనివాళ్లకి చిన్న వివరణ. స్కౌట్, గైడ్ పిల్లలు ముందు ‘ప్రవేశ్’ చేస్తారు. అంటే నియమాలు, ప్రతిజ్ఞ, మూడు వేళ్ల సెల్యూట్, ఎడమ చేత్తో షేక్‌హ్యాండ్ నేర్చుకోవడం. తర్వాత ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు. ముడులు వేయడం, మంట రాజేసి వండటం, దిక్సూచి, మ్యాప్ చదవడం, ప్రథమ చికిత్స... ఒక్కో మెట్టులో కొంచెం కొంచెం పెరుగుతాయి. ఆపైన గవర్నర్ సంతకంతో వచ్చే రాజ్య పురస్కార్, అన్నిటికన్నా పైన రాష్ట్రపతి అవార్డు. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య నెలలు గడవాలి. అందుకే ఆరో తరగతిలో మొదలెట్టిన పిల్లలకే పదో తరగతిలోపు పైమెట్లు అందే వీలుంటుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లలకి నాలుగైదేళ్లు కావాలి. అన్నాళ్లూ నేర్పే టీచర్ అక్కడే ఉండాలి కదా? ప్రభుత్వ స్కూల్లో ఎనిమిదేళ్లు నిండిన టీచర్‌కి బదిలీ తప్పనిసరి. పిన్ని స్కూల్లో ఒకప్పుడు మగపిల్లల ట్రూప్ కూడా ఉండేదట. సార్‌కి బదిలీ అయింది. నలుగురు కుర్రాళ్లు ద్వితీయ సోపాన్ దగ్గరే ఆగిపోయి, అలాగే పదో తరగతి పాసై వెళ్లిపోయారు. స్కార్ఫులు, తాళ్లు ఉన్న ట్రంకుపెట్టె ఇంకా స్టాఫ్ రూమ్ అటక మీదే ఉంది.

పిన్నికి అక్కడ ఏడేళ్లు నిండాయి.

రిపోర్టు చివరి పేజీలో వచ్చే ఏడాది లక్ష్యాలు మూడే రాసింది. ఒకటి, ఇద్దరమ్మాయిల్ని రాజ్య పురస్కార్ పరీక్షకి తయారుచేయడం. రెండు, 2028 కృష్ణా పుష్కరాల నాటికి ప్రథమ చికిత్స బాగా వచ్చిన జట్టును సిద్ధం చేయడం. ఇప్పుడు ఆరు, ఏడు చదివే పిల్లలు అప్పటికి సరిగ్గా ఆ వయసుకొస్తారు. మూడు, ‘రెండో కెప్టెన్’. దాని కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు.

కొండ మీద

ఇటార్సీలో దిగి, జబల్‌పూర్ వైపు వెళ్లే రైల్లో పిపరియా చేరాం. అక్కడి నుంచి సుమారు యాభై కిలోమీటర్లు. మట్కులీ దగ్గర దేన్వా నది దాటాక రోడ్డు అడవిలోకి దూరుతుంది. సాల్, టేకు చెట్లు, ఎర్రటి ఇసుకరాతి కొండలు. వానలు అప్పుడే వెనక్కి తగ్గాయి కాబట్టి ఎక్కడ చూసినా పచ్చదనమే. ఊరు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. కంటోన్మెంట్ కావడంతో రోడ్లు శుభ్రంగా, బంగళాలు పాతగా, సాయంత్రం ఆరు దాటితే వీధులు నిశ్శబ్దంగా ఉంటాయి. పొద్దున్నే పోహా, జిలేబీ. మన ఇడ్లీ మీద బెంగ పెట్టుకోకపోతే హాయిగా గడిచిపోతుంది.

పిన్ని వచ్చింది ‘హిమాలయ వుడ్ బ్యాడ్జ్’ కోర్సుకి. యూనిట్ లీడర్లకి బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సులయ్యాక ఉండే మెట్టు ఇది. ఆవిడ శిక్షణలో ఉంటే నేను బజారులో లాడ్జి తీసుకుని ఊరు తిరిగా. ఒక సాయంత్రం కాసేపు కలిసే వీలు దొరికింది. వెళ్లి చూద్దును కదా, ఇంట్లో బాబాయి కాఫీ పెడితేగానీ మంచం దిగని మా పిన్ని, కట్టెల పొయ్యి ముందు కూర్చుని పప్పు కలుపుతోంది!

అక్కడ పెద్దవాళ్లు కూడా పిల్లల్లాగే ప్యాట్రోళ్లుగా బతకాలి. వంట, గిన్నెలు, గుడారం, పొద్దున్నే తనిఖీ... అన్నీ వాళ్లే చూసుకోవాలి. పిన్ని జట్టులో కేరళ టీచరమ్మ, జార్ఖండ్ నుంచి ఒకావిడ, రైల్వేలో క్లర్కు ఒకావిడ ఉన్నారు. రైల్వే ఎందుకంటే, ఈ సంస్థలో రైల్వే జోన్లనీ ఒక్కో రాష్ట్రంలా లెక్కేస్తారు. మన దక్షిణ మధ్య రైల్వే కూడా అలాంటి ఒక ‘రాష్ట్రమే’. భాషలు వేరైనా పొయ్యి చుట్టూ నడిచే కబురు మాత్రం ఒకటే: “నేను వెళ్లిపోతే నా పిల్లల్ని ఎవరు చూస్తారు?”

రెండు పూసలు

ఈ కోర్సులో అర్హత పొందినవాళ్లకి దక్కేది తోలు తాడుకి గుచ్చిన రెండు చెక్కపూసలు. బంగారమూ కాదు, వెండీ కాదు. బేడెన్ పావెల్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో ఇరవై మంది కుర్రాళ్లతో క్యాంపు పెట్టి ఈ ఉద్యమానికి బీజం వేశాడు. 1919లో గిల్వెల్ పార్క్‌లో లీడర్లకి మొదటి కోర్సు నడిపినప్పుడు, ఆఫ్రికాలోని జులూ రాజు దినిజులు హారంలోవని చెప్పే పూసల్ని గుర్తుగా ఇచ్చాడు. ఇప్పటికీ అదే పద్ధతి. ఆ పూసల్లో తెల్లదొరల యుద్ధాల నీడ కూడా ఉందన్నమాట.

మన దేశంలో స్కౌటింగ్ 1909లో బెంగళూరులో మొదలైనప్పుడు భారతీయ పిల్లలకి అందులో చోటు లేదు. అందుకే అనీబిసెంట్ 1917లో మద్రాసులో మన పిల్లల కోసం వేరే స్కౌట్ సంఘం పెట్టారు. మదన్‌మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పేయి ఉత్తరాదిన సేవా సమితి స్కౌట్లని నడిపారు. స్వాతంత్ర్యం వచ్చాక 1950 నవంబర్ 7న సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. 1951లో గైడ్స్ కూడా చేరారు. తొలి జాతీయ జంబోరీ ఎక్కడ జరిగిందో తెలుసా? 1953లో, మన హైదరాబాద్‌లోనే.

ఇదంతా విన్నాక మనసులో ఉన్న మాట అడిగేశా. “పిన్నీ, ఇంకో ఏడాదిలో ఆ స్కూలే వదిలి వెళ్తావు. ఇప్పుడీ పూసలెందుకు?”

పప్పు గరిటె పక్కన పెట్టింది. “ఒరేయ్, ఇప్పటిదాకా ఒక బదిలీ అయితే ఒక ట్రూప్ మూతపడింది. అదే రెండో టీచర్ ఉంటే? అక్కడిది నడుస్తుంది. నేను పోయిన చోట ఇంకోటి మొదలెడతా. అప్పుడు ఒక బదిలీకి రెండు కంపెనీలు.”

లెక్కల మేడమ్‌ని ఇప్పటికే ఒప్పించిందట. ఆవిడకి ఇద్దరు చిన్నపిల్లలు. క్యాంపంటే వారం రోజులు ఇంటికి దూరంగా ఉండాలి. వాళ్లత్తగారితో మాట్లాడటానికి పిన్ని స్వయంగా రెండుసార్లు వాళ్లింటికి వెళ్లొచ్చింది. వచ్చే వేసవిలోపు ఆవిడ బేసిక్ కోర్సు పూర్తయితే మల్లె, మందారం, చామంతి నిలబడతాయి. కాకపోతే అటక మీదకి ఇంకో ట్రంకుపెట్టె చేరుతుంది. ఆ పిల్లల్లో రాజ్య పురస్కార్‌కి తయారవుతున్న ఇద్దరూ మధ్యలోనే ఆగిపోతారు.

ఇలాంటి రిపోర్టుల్లో సాధారణంగా ఎన్ని క్యాంపులు, ఎన్ని బ్యాడ్జీలు అనేదే పైకి కనిపిస్తుంది. పిన్ని పుస్తకం చదివాక నేను ఒక్క ప్రశ్నే అడుగుతున్నా: ఈ టీచర్ వెళ్లిపోతే రేపు శనివారం పిల్లల ముందు విజిల్ ఊదేది ఎవరు?

మీరూ వెళ్లాలంటే

పచ్‌మఢీకి అక్టోబర్ నుంచి మార్చి దాకా మంచి సమయం. విజయవాడ, వరంగల్ మీదుగా ఢిల్లీ వైపు వెళ్లి ఇటార్సీలో ఆగే రైలు ఎక్కండి. అక్కడి నుంచి పిపరియాకి ఇంకో రైలు, ఆపైన బస్సో జీపో. బీ ఫాల్‌కి మెట్లు దిగడం తేలికే, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. పాండవులు అజ్ఞాతవాసంలో ఉన్నారని స్థానికులు చెప్పే అయిదు గుహలు ఊరికి దగ్గరే. ఊరికి పేరొచ్చింది కూడా వాటివల్లేనంటారు. సాయంత్రం 1,350 మీటర్ల ధూప్‌గఢ్ మీదకి జీపులో వెళ్లండి. సాత్పురా కొండల్లో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. స్వెటర్ మరిచిపోవద్దు.

కాలేజీ పిల్లలైతే అక్కడే ఉన్న నేషనల్ అడ్వెంచర్ ఇన్‌స్టిట్యూట్ గురించి మీ రాష్ట్ర స్కౌట్ కార్యాలయంలో వాకబు చేయండి. కొండలెక్కడం, తాడు మీద దిగడం లాంటివి నేర్పే శిబిరాలు నడుపుతారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన టీచర్లయితే మీ స్కూల్లో ఒకసారి అటక మీద చూడండి. తాళ్లు, స్కార్ఫులు ఉన్న పెట్టె ఏదైనా కనిపిస్తే, అది ఎవరిదో అడగండి. బేసిక్ కోర్సు వారం రోజులే.