సాలగ్రామంలో సముద్రం

నేపాల్‌లో 3,700 మీటర్లకు పైగా ఎత్తున ఉంది ముక్తినాథ్‌. అక్కడికి వెళ్లే భక్తులు దారిలో కాళీగండకీ ఒడ్డున ఆగి నల్లరాళ్లను వెతుకుతారు. చక్రం గుర్తున్న రాయి కనిపిస్తే సాలగ్రామమని కళ్లకద్దుకుంటారు. మన పూజగదుల్లోకీ చేరిన ఆ రాళ్లలోని చక్రం ఒకప్పటి సముద్రజీవి గుల్లది. అమ్మోనైట్లనే ఆ జీవులు డైనోసార్లతోపాటే అంతరించిపోయాయి.

కొండల్లోకి సముద్రజీవి ఎలా వచ్చింది? అప్పుడక్కడ కొండల్లేవు, టెథిస్‌ సముద్రం ఉండేది. దక్షిణం నుంచి జరుగుతూ వచ్చిన భారత ఫలకం సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను ఢీకొంది. రెండూ ఖండాలే, తేలికైన రాయే. అందుకే ఏదీ పూర్తిగా కిందికి దిగిపోలేదు. మధ్యలో చిక్కుకున్న సముద్రగర్భం దుప్పటిలా ముడతలుపడి పైకి లేచింది. ఎవరెస్టు కొన మీదున్నదీ సముద్రంలో పుట్టిన సున్నపురాయే!

ఆ తోపు ఇంకా ఆగలేదు. భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతూనే ఉంది. రాళ్లలో పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా సడలితే భూకంపమే. 2015 ఏప్రిల్‌ 25న నేపాల్‌లో దాదాపు 9 వేల ప్రాణాలు తీసింది అదే. అందుకే హిమాలయాల ఒడిలో కట్టే ప్రతి ఇల్లూ ఆ కదలికను తట్టుకునేలా ఉండాలి.