మా పెరటి చిట్టి గుమ్మడి

గుమ్మడి యనగానే మన కన్నులకు గట్టునది పూరియింటి కప్పుపై బొర్లియుండు పెద్దకాయ. దానిని కోసినచో ఇరుగుపొరుగులకు ముక్కలు పంచక తీరదు. ముగ్గురమే యున్న మా యింట సగము చెడిపోవుచుండుట చూచి, మా కుమార్తె విత్తనముల యంగడినుండి చిట్టి గుమ్మడి గింజల పొట్లము కొనితెచ్చినది. దీని కాయ మూడంగుళముల వెడల్పును, రమారమి 200 గ్రాముల తూకమును గలిగి అరచేతిలో నిముడును. రంగు నారింజ, ఒడలెల్ల లోతైన చాళ్లు.

మన పెద్ద గుమ్మడియు నిదియు నొక్క జాతివి కావు గాని, రెండును అమెరికా ఖండమునుండి వచ్చినవే. చిట్టి గుమ్మడి చేరిన జాతి గింజలు మెక్సికో దేశమున ఓహాకా ప్రాంతపు గుహ యొకదానిలో దొరకగా, అవి సుమారు 10,000 సంవత్సరముల నాటివని 1997లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఈ కుటుంబము సముద్రము దాటి మన దేశమున కాలూనినది 1492 తరువాతనే. వడియములకు వాడు బూడిద గుమ్మడి మాత్రము ఆసియా ఖండపుదే. సంక్రాంతి ముంగిట గొబ్బెమ్మల తలపై నిలుచు గుమ్మడిపువ్వు పరదేశి యని చెప్పిన మా పొరుగింటమ్మ నేటికిని నమ్మదు.

అక్టోబరు కడపట సిమెంటు తొట్టిలో మట్టియు, బాగుగ మాగిన పశువుల యెరువును గలిపి, అంగుళము లోతున మూడు గింజలు నాటి, మొలచినవానిలో బలమైనదానినే యుంచితిమి. తీగ పాకుటకు వెదురుకర్రలతోను పురికొసతోను చిన్న పందిరి గట్టితిమి. నీరు మొదట పోయుదుము గాని ఆకులపై జల్లము. డిసెంబరులో దినమునకు నాలుగైదు పసుపుపచ్చని పూలు విచ్చుచుండెను. పదునైదు దినములు గడచినను పిందె యొక్కటియు లేదు. మేము అంగడివానిని నిందించితిమి. పిమ్మట ఎరువును నిందించితిమి. “ఈ తీగ పీకేసి పాలకూర వేద్దామండీ” అని మా గృహిణి తొందరపెట్టినది.

ఇరువది యేండ్లుగా నల్లబల్లపై గుమ్మడిపువ్వును గీచి పాఠము చెప్పుచున్నవారము, శిక్షణ కళాశాలలో ఆ బొమ్మకే మెప్పు బడసినవారము, మా పెరటి పువ్వును వంగి చూచినవారము కాము.

ఒకనాటి సాయంకాలము ఏడవ తరగతి బాలుడొకడు నోటుపుస్తకముల కట్ట దెచ్చి, పందిరివైపు చూచి నవ్వెను. వానివారు గోదావరి లంకలో కూరగాయలు పండించువారు. “ఇవన్నీ మగపూలేనండి మాస్టారూ. ఆడపువ్వుకి అడుగున చిన్న కాయుంటుంది. అది విచ్చే రోజున నాకు చెప్పండి” అనెను. మేము సిగ్గుపడుటకు మరియొక కారణముండెను. ఆనాడే దిద్దిన వాని జవాబు పత్రము మా బల్లపై నుండెను. పరాగ సంపర్కమును గూర్చిన ప్రశ్నకు వానికి సున్న వచ్చినది; ప్రక్కన “శ్రద్ధ చాలదు” అని యెర్రసిరాతో మేమే వ్రాసియుంటిమి.

నాలుగు దినములకు పిందెతోగూడిన మొగ్గ కనబడినది. మరునాడు తెల్లవారుజాముననే బాలుడు వచ్చెను. మగపువ్వు నొకదానిని ద్రుంచి, రేకులు తీసివేసి, కేసరమునందలి పుప్పొడిని ఆడపువ్వు కీలాగ్రముపై మెల్లగ రాచెను. “ఎండెక్కితే ముడుచుకుపోతాయండి. తేనెటీగలు రాని చోట మా అమ్మ ఇలాగే చేస్తుంది” అనెను. మొదట మగపూలే వచ్చుననియు, వేడిమి హెచ్చినకొలది అవి మరింత హెచ్చుననియు మేము పుస్తకము జూచి చెప్పగా, వాడు మర్యాదగా వినెను. ఆ పిందె రాలలేదు. అట్లే మరికొన్నిటికి జేయగా ఫిబ్రవరికి ఎనిమిది కాయలు పండినవి.

జవాబు పత్రములోని మార్కును మార్చుట న్యాయము కాదు గనుక మార్చలేదు. యెర్రసిరా మాటను మాత్రము కొట్టివేసితిమి. వాడు కారణ మడుగక మునుపే మేము సంజాయిషీ చెప్పబోయితిమి. గుమ్మడికాయల దొంగ యెవరనగా భుజములు తడవికొన్న సామెత ఆనాడు మాకే చెల్లినది.

కాయను రెండంగుళముల తొడిమతో కోసి, గాలి తగులు పొడిచోట నుంచినచో నెలలు నిలుచును. తొడిమ పట్టి యెత్తరాదు. మా యింట పైభాగమును మూతవలె కోసి, గింజలు తీసి, ఉడికిన సెనగపప్పు, కొబ్బరి, బెల్లము గలిపి కూరి, ఆవిరిపై మెత్తబడువరకు ఉంచుదురు. పళ్లెములు కడుగు పని తగ్గినదని మా కుమార్తె సంతోషము. రుచికి చేదుగా నున్న కాయను మాత్రము తినక పారవేయవలెను. ఆ చేదు విషము.

మొదటి కాయను ఆ బాలునికే యిచ్చితిమి. మరునాడు ఎట్లున్నదని యడుగగా, వాడు తల గోకికొని, “బాగానే ఉందండి మాస్టారూ, కాని మేము ఆరుగురమండి, పులుసుకి చాల్లేదు” అనెను. ఇంకొక రెండు కాయలును, ఆరబెట్టిన గింజలలో సగమును వానికిచ్చి పంపితిమి.