నిలువెత్తు బంగారం

మా ఆయన ముచ్చటపడి కారు పధ్నాలుగంగుళాల ఇనప చక్రాలు తీయించి, పదిహేనంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించారు. టైర్లు కూడా వెడల్పువే. "దర్జాగా లేవూ?" అన్నారు. ఉన్నాయి, ఖాళీ కారుకి!

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర. అత్తమ్మ మొక్కు నిలువెత్తు బంగారం. అంటే బెల్లమే లెండి. ఆవిడ డెబ్బై కిలోలు తూగారు. ఆవిడా, ఆవిడంత బెల్లమూ, పిల్లలూ, నేనూ ఎక్కాం. ములుగు దాటాక గుంత వస్తే చాలు, వెనకనుంచి బర్రుమని చప్పుడు.

"సమ్మక్క తల్లికి కోపమొచ్చిందేమో బిడ్డా!" అన్నారు అత్తమ్మ.

పస్రాలో పంక్చర్లు వేసే అబ్బాయి మడ్‌గార్డులో చెయ్యి పెట్టి చూశాడు. టైరు రాసుకుపోయి పక్కన చారలు పడ్డాయి. ఇంకాస్త దూరం పోతే ఏమయ్యేదో! అతను డ్రైవరు తలుపు తీసి, అక్కడ అంటించిన కాగితం చూపించాడు: 165/80 ఆర్ 14.

"165 మిల్లీమీటర్ల వెడల్పమ్మా. అండ్ల నూటికి ఎనభై పాళ్లు టైరు గోడ ఎత్తు. చక్రం పెరిగితే గోడ తగ్గాలె, మొత్తం ఎత్తు మారొద్దు. 185/65 అయితే సరిపోతుండె. మీవి 195/65."

పరికిణీకి పెద్ద అంచు వేస్తే పైగుడ్డ తగ్గించమూ? అంతే! ఈయనగారు రెండూ పెంచారు. ఎత్తు ఒకటిన్నర సెంటీమీటర్లు, వెడల్పు మూడు.

బరువు దించాలన్నాడు. మొక్కు దించలేం కదా, పిల్లలూ నేనూ దిగి బస్సెక్కాం. అత్తమ్మా బెల్లమూ కార్లో మెల్లగా వచ్చారు.

ఇంటికొచ్చాక టైర్లు మార్పించారు. ఖర్చెంతో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. 2026 జాతరకి బయల్దేరేముందు అత్తమ్మ కారెక్కకుండా నిలబడ్డారు.

"ముందు ఆ తలుపు తీసి కాగితం చూపించు బిడ్డా."