తగలబెట్టాల్సిన ఇంట్లో నాటకాల బడి

రాసిన నాటకం బాగుందో లేదో రాసినవాడికి ఎలా తెలుస్తుంది? కాగితం మీద చదివితే తెలియదు. పూర్తిగా ప్రదర్శించాక తెలిసినా అప్పటికే ఆలస్యమైపోతుంది. ఈ రెంటికీ మధ్య కొత్త రచయితకు కాస్త చోటు, కొన్ని రోజుల సమయం ఇచ్చే పల్లెటూరు ఒకటుంది... అమెరికాలో, అట్లాంటిక్ అంచున.

కనెక్టికట్ రాష్ట్రంలో సముద్రాన్ని ఆనుకుని ఉన్న చిన్న ఊరు వాటర్‌ఫర్డ్. న్యూయార్క్ నుంచి బోస్టన్ వెళ్లే రైలెక్కి న్యూలండన్‌లో దిగితే అక్కణ్నుంచి కాసేపటి ప్రయాణం. 1960ల మొదట్లో ఆ ఊరివాళ్లు పార్కు కోసం సముద్రపొడ్డున హామండ్ ఎస్టేటును కొన్నారు. అందులో పాడుబడ్డ భవంతి ఒకటుంది. ఏం చేయాలో తోచక, అగ్నిమాపక సిబ్బంది తర్ఫీదు కోసం దాన్ని తగలబెట్టేద్దాం అనుకున్నారు. తండ్రితో కలిసి తెరచాప పడవలో అటుగా వెళ్తున్న జార్జ్ వైట్ అనే యువకుడి కంట్లో ఆ ఇల్లు పడకపోతే, అది ఏనాడో బూడిదయ్యేది. నాటకాల పిచ్చి ఉన్న ఆ కుర్రాడు ఊరి పెద్దల్ని ఒప్పించి, ఏడాదికి ఒక్క డాలరు అద్దెకు దాన్ని తీసుకున్నాడు. 1964లో అలా మొదలైంది యూజీన్ ఓనీల్ థియేటర్ సెంటర్.

ఓనీల్ పేరే ఎందుకంటారా? 1936లో నోబెల్ అందుకున్న ఈ నాటకకర్త చిన్నప్పటి వేసవులన్నీ పక్కనున్న న్యూలండన్‌లోనే గడిచాయి. కుర్రతనంలో ఈ ఎస్టేటు తీరంలోకి వస్తే యజమాని తరిమికొట్టేవాడని చెప్పుకుంటారు. ఇప్పుడా ఎస్టేటు గేటు మీద ఉన్నది ఆ కుర్రాడి పేరే!

ఉపన్యాసాలు చాలు... ఆడి చూపించండి

1965 వేసవిలో కొంతమంది యువ రచయితల్ని పిలిచి మొదటి సదస్సు పెట్టారు. పేరు నేషనల్ ప్లేరైట్స్ కాన్ఫరెన్స్. పేరుకు తగ్గట్టే చర్చలు, ఉపన్యాసాలు ఎక్కువ. వచ్చినవాళ్లకు అవి రుచించలేదు. నాటకం గురించి మాట్లాడుకోవడం కన్నా తమ నాటకాలు నటుల నోట వినాలన్నది వాళ్ల కోరిక. మర్నాటి ఏడాదికల్లా ఆ కోరిక తీరింది. జాన్ గ్వేర్ రాసిన ‘ది హౌస్ ఆఫ్ బ్లూ లీవ్స్’ మొదటి అంకం 1966లో ఇక్కడే వినిపించింది. ఆ తర్వాత ఇది సభగా కాక ఒక పనిశాలగా మారింది.

దానికో పద్ధతి ఏర్పడింది మాత్రం లాయిడ్ రిచర్డ్స్ చేతుల్లో. 1959లో ‘ఎ రెయిజిన్ ఇన్ ది సన్’ నాటకాన్ని బ్రాడ్‌వేకు తెచ్చిన నల్లజాతి దర్శకుడాయన. 1968 నుంచి 1999 వరకూ... అంటే ముప్ఫై ఒక్కేళ్లపాటు ప్రతి వేసవీ ఇక్కడి రచయితల బాగోగులు చూశాడు. తక్కువ మాట్లాడేవాడు. నీ నాటకాన్ని ఇలా మార్చు అని చెప్పడం కంటే, ఇది ఎవరి కథ అని ఒక ప్రశ్న వేసి ఊరుకునే రకం.

ఇక్కడికి రావడానికి సిఫార్సు ఉత్తరాలు, పేరున్న ఏజెంట్లు అక్కర్లేదు. ఎవరైనా స్క్రిప్టు పంపుకోవచ్చన్నది ఈ సెంటరు గర్వంగా చెప్పుకున్న సంగతి. అయితే ఏటా వచ్చే స్క్రిప్టులు వెయ్యి దాటితే, ఇటీవలి కాలంలో ఎంపికయ్యేవి పట్టుమని పది కూడా ఉండవు. ఆ కొద్దిమందికీ మొదటి పరీక్ష కాస్త కఠినమైందే. తన నాటకాన్ని తానే అందరి ముందూ మొదట్నుంచి చివరిదాకా బిగ్గరగా చదవాలి. స్త్రీ పాత్రలు, ముసలి పాత్రలు, పిల్లల మాటలు... అన్నీ తన గొంతుతోనే. గొంతు ఎక్కడ తడబడిందో, ఏ పేజీ దగ్గర తనకే విసుగొచ్చిందో అప్పుడే తెలిసిపోతుంది.

ఆ తర్వాత ఓ విచిత్రమైన సమావేశం జరుగుతుంది. దాన్ని ‘డ్రీమ్ డిజైన్’ అంటారు. సెట్టింగులు, దీపాలు, దుస్తులు చూసే కళాకారులు రచయితతో కూర్చుని, డబ్బుకు కొదవ లేకపోతే ఈ నాటకం ఎలా ఉండాలని నీ ఊహ అని అడుగుతారు. బొమ్మలు గీస్తారు. తీరా ప్రదర్శనకొచ్చేసరికి వేదిక మీద ఉండేవి నాలుగు దిమ్మెలు, రెండు కుర్చీలు! మాయాబజారు సెట్టింగులతో కళ్లు మిరుమిట్లు గొలిపే మన సురభివాళ్లు చూస్తే నవ్వుకుంటారేమో గానీ, ఇక్కడి లెక్క వేరు. తెరల హంగు ఉంటే మాటల్లోని లోపం దాక్కుంటుంది. అది దాక్కోకూడదు.

రిహార్సల్స్ నాలుగైదు రోజులే. అనుభవమున్న నటీనటులు వస్తారు గానీ వాళ్లెవరూ డైలాగులు కంఠతా పట్టరు. స్క్రిప్టు చేత్తో పట్టుకునే నటిస్తారు, ప్రేక్షకుల ముందు కూడా. ఎందుకంటే ఆ డైలాగులు సాయంత్రానికి ఉంటాయో లేదో తెలియదు. రాత్రి రచయిత తిరగరాస్తాడు, పొద్దున్నే కొత్త పేజీలు వస్తాయి. మార్చిన పేజీలకు వేరే రంగు కాగితం వాడటం అక్కడి నాటకరంగంలో మామూలే కాబట్టి, చేతిలోని కట్టను చూస్తే చాలు... రచయితకు ఎన్ని రాత్రులు నిద్ర లేదో లెక్కకట్టొచ్చు. ఒక్కో నాటకానికి రెండు ప్రదర్శనలు. మొదటి దానిలో జనం ఎక్కడ నవ్వారో, ఎక్కడ దగ్గారో చూసుకుని రెండోదానికి మళ్లీ కత్తెర వేస్తారు.

పాత గడ్డివామి కొట్టాన్ని మార్చిన హాలు ఒకటి, చెట్టు పక్కన ఆరుబయట వేదిక ఇంకొకటి. సముద్రం మీంచి పొగమంచు కమ్మినా, దూరంగా పడవ కూత పెట్టినా నాటకం ఆగదు. వచ్చి చూసేవాళ్లలో పత్రికల విమర్శకులూ ఉంటారు గానీ సమీక్షలు రాయకూడదన్నది నియమం. ఇక్కడ కొత్త రచయితకు దొరికే అన్నిటికన్నా పెద్ద సదుపాయం ఇదేనేమో. పదిమంది ముందు తప్పు చేయొచ్చు, మర్నాడు పేపర్లో రాదు.

అయిదుసార్లు కాదన్నారు

ఈ తోటలో అందరూ చెప్పుకునే పేరు ఆగస్ట్ విల్సన్. పిట్స్‌బర్గ్‌లో పుట్టిన నల్లజాతి కుర్రాడు. నెపోలియన్ మీద రాసిన వ్యాసాన్ని నువ్వే రాశావంటే నమ్మం అని టీచరు అవమానించడంతో పదిహేనేళ్లకే బడి మానేశాడు. తర్వాత చదువంతా లైబ్రరీలోనే. మిన్నెసోటాలో ఓ స్వచ్ఛంద సంస్థలో వంట చేస్తూ నాటకాలు రాసి ఓనీల్ సెంటరుకు పంపేవాడు. తిరిగొచ్చేవి. టాక్సీ డ్రైవర్ల జీవితంతో ‘జిట్నీ’ రాసి పంపితే అదీ తిరిగొచ్చింది. బహుశా ఎవరూ చదివి ఉండరు అనుకుని, అదే నాటకాన్ని మళ్లీ పంపాడు. మళ్లీ తిరిగొచ్చింది! అలా మొత్తం అయిదుసార్లు కాదనిపించుకున్నాక, 1982లో ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ ఎంపికైంది.

వచ్చేనాటికి అది ఎంతకీ తెమలని నాటకం. పాటల రికార్డింగు కోసం వచ్చిన వాద్యగాళ్ల కబుర్లన్నీ అందులో ఉన్నాయి. ఇక్కడే దాన్ని దర్జీ పనిలా విప్పి కుట్టడం మొదలైంది. రెండేళ్ల తర్వాత, 1984లో, రిచర్డ్స్ దర్శకత్వంలోనే బ్రాడ్‌వేకు చేరింది. విల్సన్ మాత్రం ఈ పచ్చిక మీదికి మళ్లీ మళ్లీ వచ్చాడు. 1983లో ‘ఫెన్సెస్’ తెచ్చాడు, 1986లో ‘ది పియానో లెసన్’ తెచ్చాడు. ఆ రెండిటికీ పులిట్జర్ బహుమతులు వచ్చాయి. మరి రెండుసార్లు తిరిగొచ్చిన ఆ ‘జిట్నీ’? ఆయన పోయిన పన్నెండేళ్లకు, 2017లో బ్రాడ్‌వేకెక్కి టోనీ అవార్డు గెలిచింది. ఎంపికచేసే పెద్దల తీర్పు కూడా చిత్తుప్రతి లాంటిదే మరి.

వలస కుటుంబాల పిల్లలకూ ఇక్కడ చోటు దొరికింది. కాలేజీ హాస్టల్లో ఆడటానికి డేవిడ్ హెన్రీ హ్వాంగ్ రాసుకున్న ‘ఎఫ్.ఓ.బి.’ అనే నాటకాన్ని 1979లో ఇక్కడ పదునుపెట్టారు. అప్పుడే ఓడ దిగినవాడు అని చైనా వలసదారుల్ని ఎగతాళి చేసే మాట అది. అమెరికాలో తెలుగు పిల్లలు ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషతో పెరుగుతుండటం చూసినవాళ్లకు ఆ గొడవ కొత్తగా అనిపించదు. సంగీత నాటకాలకు వేరే సదస్సు ఉంది. లిన్-మాన్యుయెల్ మిరాండా ‘ఇన్ ది హైట్స్’ 2005లో ఇక్కడ సానబెట్టించుకున్నదే.

తిరగరాయడం మనకు కొత్త కాదు. గురజాడ కన్యాశుల్కాన్ని 1892లో ఆడించి, 1897లో అచ్చువేసి, మళ్లీ మొత్తం తిరగరాసి 1909లో కొత్తగా తెచ్చాడు. ఈరోజు మనం చదివి నవ్వుకునేది ఆ రెండోదే. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టినప్పట్నుంచీ పరిషత్తు పోటీలు మన నాటకాన్ని బతికిస్తున్నాయి. కానీ పోటీకి వెళ్లే నాటకం అన్నీ సరిచూసుకునే వెళ్లాలి, మార్కులు వేస్తారు కదా! మార్కులు వేయని చోటు ఒకటుంటే బాగుండునన్న ఆశ వాటర్‌ఫర్డ్ గురించి వింటే కలుగుతుంది. అలాగని ఇది సర్వరోగ నివారిణేం కాదు. పనిశాల తర్వాత పనిశాల చుట్టూ తిరుగుతూ, అందరి సలహాలతో అరిగిపోయి, అసలు ప్రదర్శనకే నోచుకోని నాటకాలు అమెరికాలో కోకొల్లలు. అక్కడి రచయితలే ఆ మాట అంటుంటారు.

గోడల వెనకున్న నాటకం

వేసవిలో అటు వెళ్లేవాళ్లు న్యూలండన్‌లో కాసేపు ఆగాలి. రేవు దగ్గర చిన్నారి ఓనీల్ రాతి మీద కూర్చుని చేతిలో పుస్తకంతో ఉన్న కంచు విగ్రహం కనిపిస్తుంది. ఇంకాస్త దూరంలో మాంటెక్రిస్టో కాటేజీ. తండ్రి జేమ్స్ ఓనీల్ నటుడు. ‘కౌంట్ ఆఫ్ మాంటెక్రిస్టో’ పాత్రను వేల ప్రదర్శనల్లో వేసి ఆ డబ్బుతో బతికాడు, ఇంకే పాత్రా వేయలేకపోయానని కుమిలాడు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం, ఓనీల్ సెంటరు నడుపుతోంది.

అందులోని ముందుగది చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. మత్తుమందుకు అలవాటుపడ్డ తల్లి, తాగుడు మరిగిన అన్న, పిసినారి తండ్రి, క్షయతో దగ్గే తమ్ముడు... ఓనీల్ తన ఇంటి గుట్టంతా ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటూ నైట్’ పేరుతో నాటకంగా రాసింది ఈ గదిలో జరిగినట్టే. రాసి, సీలువేసి ప్రచురణకర్త చేతికిచ్చి, తాను పోయాక పాతికేళ్ల వరకూ అచ్చువేయొద్దన్నాడు. 1953లో ఆయన పోయాడు. మూడేళ్లకే భార్య దాన్ని బయటపెట్టింది, 1956 ఫిబ్రవరిలో స్టాక్‌హోంలో మొదటిసారి ఆడారు.