చేతులు కట్టుకుని చేసే సేవ

సేవ అంటే వడ్డించడమో, మోయడమో, కనీసం హడావిడిగా అటూ ఇటూ తిరగడమో అనుకుంటాం. పియెద్రాస్ బ్లాంకాస్‌లో ఏమీ చెయ్యకుండా నిలబడటమే సేవ. కాలిఫోర్నియాలో శాన్ సిమియన్ దాటి హైవే వన్ మీద కొన్ని మైళ్లు పైకి వెళితే రోడ్డు పక్కనే ఉంటుందా తీరం. జనవరిలో ఇసుక కనపడనంతగా ఎలిఫెంట్ సీల్స్ పడుంటాయి. నీలం జాకెట్లు తొడుక్కున్న వాలంటీర్లం కంచెకివతల నిలబడి, వచ్చినవాళ్లకి వాటి సంగతులు చెబుతాం, దగ్గరికి పోనివ్వం. అంతే.

నూనె కోసం వేటాడి వేటాడి ఈ జాతిని దాదాపు తుడిచిపెట్టేశారు. 1892లో మెక్సికోవారి గ్వాడలూప్ దీవిలో ఎనిమిది కనిపిస్తే, మ్యూజియం తరఫున వెళ్లిన పెద్దమనుషులు ఏడింటిని చంపి పట్టుకెళ్లారు. చదువుకున్నవాళ్లే! ఎలాగో మిగిలినవాటి సంతానమే ఇవన్నీ. ఈ తీరానికి ఓ రెండు డజన్లు తొలిసారి వచ్చింది 1990లో.

సీగల్స్ ఒకచోట మూగి గోల చేస్తున్నాయంటే అక్కడ కాన్పయిందని లెక్క. మావి కోసం కొట్టుకుంటుంటాయి. తల్లి గిరుక్కున వెనక్కి తిరిగి, ముడతలు పడ్డ నల్లటి పిల్ల మూతికి మూతి ఆనించి అరుస్తుంది, పిల్ల బదులిస్తుంది. ఆ గొంతూ ఆ వాసనే ఇక ఇద్దరికీ ఆనవాలు. నాలుగు వారాలు తల్లి పచ్చి మంచినీళ్లు ముట్టదు. పిల్ల మాత్రం వెన్నలాంటి పాలు తాగి 130 కిలోల దాకా ఊరుతుంది. ఆ తర్వాత తల్లి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఈత నేర్పడం లాంటివేం ఉండవు.

ఆటుపోట్లు ఉద్ధృతంగా ఉన్న రోజులే కష్టం. అల కొట్టి పిల్ల తల్లికి దూరమైపోతుంది. పాల కోసం పరాయి తల్లి దగ్గరికి పాకితే అది కరుస్తుంది. అలాంటి ఒక పూట, బే ఏరియాలో కొడుకింటికొచ్చిన ఓ పెద్దాయన నన్ను నిలదీశారు: "అలా చూస్తూ ఊరుకుంటారేంటమ్మా! ఎవరో ఒకరు ఎత్తి తల్లి పక్కన వెయ్యొచ్చుగా?" మనిషి దిగితే మంద బెదిరి, పెద్దవాటి కింద ఇంకో నాలుగు పిల్లలు నలిగిపోతాయని చెప్పాను. సముద్ర క్షీరదాల రక్షణకు చేసిన 1972 నాటి చట్టం కూడా ఒప్పుకోదన్నాను. ఆయనకి నచ్చలేదు. నాకూ నచ్చదు.

నా పక్కన నిలబడేది ఒక రిటైరైన నర్సు. తెలుగు రాకపోయినా, ఆయన చెయ్యి చూపిన తీరులోనే ప్రశ్న అర్థమైంది ఆవిడకి. ఆస్పత్రిలో ఏదో ఒకటి చెయ్యకుండా ఉన్న క్షణం లేదట, ఇక్కడ మాత్రం చేతులు జేబులో పెట్టుకుని ఆ ఏడుపు వినాలి. అలా విన్నాక ఇంటికెళ్లి ఒక్కర్తినే కూర్చోలేనని, పార్కింగ్‌లో నా కారెక్కి కూర్చుంది. ఫ్లాస్కులో టీ పోశాను. మా స్నేహం అలా మొదలైంది. ఈ చిన్న ఊళ్లో తెలుగు మాట వినాలంటే పులిహోర డబ్బాలతో వచ్చే బే ఏరియా కార్లే గతి అనుకునేదాన్ని. ఇప్పుడు మా ఇద్దరి వంతు పడే మంగళవారం ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాను.

పిల్లలు రెయిలింగ్ ఎక్కితే తెలుగులో ఏమనాలో నేర్పమంది ఆవిడ. నేర్పాను. గుజరాతీవాళ్లు కనపడినా, పంజాబీవాళ్లు కనపడినా "ఎక్కొద్దండీ!" అని ఒకటే కేక. వాళ్లు దిగుతున్నారు కూడా.