బెల్టు వయసు

నాన్న ఫియట్ పాలియో 1.6 జీటీఎక్స్ నా చేతికొచ్చేసరికి నెంబర్ ప్లేటు మీద ఇంకా ఏపీ 09 అనే ఉంది. 2001లో ఈ మోడల్ వచ్చినప్పుడు చిన్న కారుకి వంద హార్స్‌పవర్ అంటే మాటలు కాదు.

నాకది చాల్లేదు. స్ప్రింగులు మార్చి కారుని కిందికి దించాలి, సైలెన్సర్ మార్చాలి, ఎయిర్ ఫిల్టర్ మార్చాలి. లిస్టు పట్టుకెళ్తే మెకానిక్ బానెట్ ఎత్తి, "టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారు?" అన్నాడు. నాన్నకి ఫోన్ చేశాను. గుర్తులేదన్నాడు. ఆయనకి మరుపు మొదలైంది ఆ ఏడే.

కారు తిరక్కపోయినా రబ్బరుకి వయసైపోతుందట. బెల్టు తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులని గుద్దుతాయి, ఇంజన్ పోయినట్టే. స్ప్రింగుల కోసం దాచిన డబ్బంతా బెల్టుకీ, టెన్షనర్‌కీ, వాటర్ పంపుకీ, అరిగిన బుష్‌లకీ అయిపోయింది.

ఆ ఆదివారం నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని అవుటర్ రింగ్ రోడ్డెక్కాను. థర్డ్ గేరులో ఇంజన్ గొంతు పెరుగుతుంటే కళ్లు మూసుకుని విన్నాడు. "ఇప్పుడు ఫోర్త్ వెయ్" అన్నాడు. పొద్దున మా ఊరి పేరు కోసం తడుముకున్న మనిషి.

బెల్టు మార్చిన తేదీ, కిలోమీటర్లు రాసి బానెట్ లోపల అతికించాను. ఈసారి ఎవరైనా అడిగితే నాన్నకి ఫోన్ చెయ్యక్కర్లేదు.