పంది కోసం కాదు, తుపాకీ కోసం

టెక్సాస్‌లో అడవిపందుల వేటకి నేను వాడిన రైఫిల్ .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్. స్కోపుతో కలిపి నాలుగున్నర కేజీలు. మంచె మీద కూర్చుంటే పర్లేదు గానీ, భుజానేసుకుని రెండు మైళ్ళు నడిస్తే వేట పందికో మనకో అర్థం కాదు. పైగా పందికి అంత తూటా అక్కర్లేదు. అందుకే దాన్ని షాపులో ఇచ్చేసి, మూడు కేజీల 6.5 క్రీడ్‌మూర్ తీసుకున్నాను.

అసలు కథ కాగితాలది. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరమే. మినహాయింపుల్లో మనలాంటోళ్ళకి పనికొచ్చేది ఒకటే: గడువు తీరని హంటింగ్ లైసెన్స్. షాపువాడు 4473 ఫారంలో ఐ-94 నంబరు రాయించుకుని, లైసెన్స్ కాపీ జతచేసి, ఎఫ్‌బీఐ చెక్ అయ్యాకే రైఫిల్ చేతికిస్తాడు.

ఇక్కడో మెలిక ఉంది. 2019 నుంచి టెక్సాస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందుల్ని కొట్టడానికి లైసెన్సే అక్కర్లేదు. "మరి పాతిక డాలర్లు దండగ కదా బాసూ?" అన్నాడు పక్క క్యూబ్ మిత్రుడు. సిటిజన్‌కి దండగే. మనకి మాత్రం ఆ లైసెన్స్ పంది కోసం కాదు, తుపాకీ కోసం.

అది ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ఆఖరు. మర్నాడు కొత్తది చేతిలో లేకపోతే, బీరువాలో ఊరికే పడున్న రైఫిలే నేరం. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్ళు. ఇక గ్రీన్‌కార్డు ఆశ గురించి చెప్పేదేముంది?

పాతిక డాలర్ల కాగితం మనిషిని నమ్మదగినవాడిగా ఎలా మారుస్తుందో నాకైతే అర్థం కాలేదు. కానీ వాదించాల్సింది గడువు లోపల ఉండి. కొత్త లైసెన్సులు మామూలుగా ఆగస్టు 15నే అమ్మకానికొస్తాయి. మనవాళ్ళు మర్చిపోయే తేదీ కాదులెండి!